విమానంలో ఇంధనం ఎక్కడ ఉంటుంది: రెక్కల్లోనా, పొట్టలోనా?

గోదారిగట్టు
మా నాన్నగారిని మొదటిసారి విమానం ఎక్కించి శంషాబాద్ నుంచి కాశీకి తీసుకువెళ్లాను. కుడివైపు, సరిగ్గా రెక్క పక్కన కిటికీ సీటు ఆయనకు ఇచ్చాను. బయలుదేరే ముందు ఒక చిన్న బండి వచ్చి రెక్క కింద ఆగింది. ఒకతను దాని మీద పైకి లేచే అరుగు ఎక్కి, లావాటి గొట్టాన్ని రెక్క అడుగున బిగించాడు. "నూనె రెక్కలో పోస్తున్నాడేమిట్రా?" అని నాన్నగారు అడిగారు. బస్సుకు ఉన్నట్టే ట్యాంకు అడుగున, పొట్టలో ఉంటుందని, గొట్టం తగిలించే చోటు మాత్రమే రెక్కలో పెట్టారని నేను ధీమాగా చెప్పాను. పక్క సీటు కుర్రవాడు "కాదండీ, రెక్కల్లోనే ఉంటుంది" అన్నాడు. అది విన్న తరవాత, రెక్క కొస పైకీ కిందికీ ఊగుతున్నంతసేపూ నాన్నగారు సీటు చేతులు వదలలేదు. మా ఇద్దరిలో ఎవరి మాట నిజం? రెక్కల్లోనే అయితే, అంత పల్చగా కనబడే దానిలో టన్నుల కొద్దీ నూనె ఎలా పడుతుంది? ఆ బండికి అసలు ట్యాంకే లేదు, మరి నూనె ఎక్కడి నుంచి వచ్చిందని కూడా ఆయన అడిగారు. దానికీ నా దగ్గర జవాబు లేకపోయింది.

ఎర్రబస్సు
మీరు చెప్పిన జవాబే నేనూ చెప్పి ఉండేవాణ్ణి. మోటారు సైకిలుకు మోకాళ్ల మధ్య, బస్సుకు పక్కన, విమానానికి అడుగున అనుకుంటూనే ఇన్నేళ్లూ గడిపాను.

హ్యాంగర్_మనిషి
కుర్రవాడు చెప్పింది నిజం, మీరు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. రెక్క లోపల ముందొకటి, వెనకొకటి పొడవాటి దూలాలు ఉంటాయి. వాటిని స్పార్లు అంటాం. ఆ రెండింటి మధ్య అడ్డంగా, పక్కటెముకల్లాగా వరసగా రిబ్బులు ఉంటాయి. పైనా కిందా రెక్క రేకు కప్పుతుంది. వీటన్నింటి నడుమ ఏర్పడే పొడవాటి పెట్టే ట్యాంకు. విడిగా ఒక డబ్బా తయారుచేసి తెచ్చి అందులో పెట్టరు. ప్రతి అతుకుకూ, ప్రతి రివెట్టుకూ లోపలి నుంచి సీలెంటు పూసి, రెక్కనే పాత్రగా మార్చేస్తారు. రిబ్బులకు రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఇంధనం ఒక గది నుంచి ఇంకొక గదికి పారుతుంది. కొన్ని రిబ్బుల దగ్గర ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపులు ఉంటాయి. విమానం పక్కకు ఒరిగినప్పుడు ఇంధనమంతా ఒక్కసారిగా కొసకు పరుగెత్తకుండా అవి ఆపుతాయి. రెక్క కొస నుంచి మొదలు వైపు కొద్దిగా పల్లంగా ఉండటం వల్ల పంపులున్న చోటికి ఇంధనం దానంతట అదే చేరుతుంది.

మీరు ఎక్కింది ఎయిర్‌బస్ ఏ320 అనుకుంటాను. అందులో రెండు రెక్కల్లో కలిపి 15,600 లీటర్లు పడుతుంది. రెండు రెక్కలనూ కలుపుతూ ప్రయాణికుల కాళ్ల కింద సాగే మధ్య భాగంలో ఇంకో 8,250 లీటర్ల ట్యాంకు ఉంటుంది. మీరు పొట్ట అన్నది దాన్నే అనుకుంటే మీకూ సగం మార్కులు వేయవచ్చు. అయితే కాశీ అంత దూరానికి రెక్కల్లో పట్టేది సరిపోతుంది కాబట్టి, ఆ రోజు మీ పొట్ట ట్యాంకులో చెప్పుకోదగ్గ ఇంధనం ఉండి ఉండదు.

గోదారిగట్టు
అంటే నేను చెప్పిన ఒక్క ట్యాంకూ ఆ రోజు ఖాళీ అన్నమాట. నాన్నగారికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

ర్యాంపు_రాత్రిషిఫ్టు
బండి సంగతి నేను చెబుతాను. శంషాబాద్‌లో ఇంధనం నిల్వ కేంద్రం నుంచి నేల కింద పైపుల గుండా విమానాలు ఆగే చోటి వరకూ వస్తుంది. నేలలో చిన్న గుంత, దానికి ఇనుప మూత ఉంటాయి. ఆ బండి ఒక గొట్టాన్ని గుంతకూ ఇంకో గొట్టాన్ని రెక్కకూ తగిలించి, మధ్యలో వడపోసి, కొలిచి పంపుతుంది, అంతే. చిన్న విమానాశ్రయాల్లో మాత్రం ట్యాంకు లారీయే వస్తుంది. గొట్టం బిగించే ముందు బండికీ విమానానికీ మధ్య ఒక తీగ తగిలిస్తాం, రెండింటి మధ్య స్థిర విద్యుత్తు తేడా వల్ల నిప్పురవ్వ పుట్టకుండా. ఏ320కి ఇంధనం ఎక్కించే చోటు కుడి రెక్కలో ఉంటుంది. ప్రయాణికులు ఎక్కేది ఎడమవైపు నుంచి కాబట్టి కుడి కిటికీ వాళ్లకే ఈ దృశ్యం దక్కుతుంది.

సందేహాలపుట్ట
ఒకసారి విమానంలో కూర్చున్నాక "ఇంధనం నింపుతున్నాం, దయచేసి సీటు బెల్టు పెట్టుకోకండి" అని ప్రకటించారు. పెట్టుకోమని పోరే వాళ్లు పెట్టుకోవద్దనడం ఏమిటో అప్పుడు అర్థం కాలేదు.

ర్యాంపు_రాత్రిషిఫ్టు
ఏదైనా జరిగితే మీరు ఆలస్యం లేకుండా లేచి బయటికి పరుగెత్తాలని. అప్పుడు తలుపుల దగ్గర సిబ్బంది కూడా సిద్ధంగా నిలబడి ఉంటారు.

కావడికుండలు
రెక్కల్లో పెట్టడానికి కారణం ఖాళీ జాగా ఉండటం ఒక్కటే కాదు. కావడి మోసేవాడిని చూడండి. రెండు కుండలూ రెండు కొసల్లో సమానంగా ఉంటే నడక తేలిక. ఒకే పెద్ద కుండను నెత్తిన పెట్టుకుంటే మెడ నొప్పి. విమానం కూడా అంతే, బరువు రెండువైపులా పంచితే తూకం నిలుస్తుంది.

తుఫానుగాలి
తూకం వరకూ ఒప్పుకుంటాను గాని, ఈ పోలిక అసలు విషయాన్ని తలకిందులు చేస్తోంది. కావడి బద్దను మధ్యలో భుజం మోస్తుంది. కొసల్లో బరువు పెరిగే కొద్దీ బద్ద మరింత వంగుతుంది. గాలిలో ఉన్న విమానంలో మోసేది మధ్య భాగం కాదు, రెక్కలే. గాలి రెక్కలను పొడవునా పైకి ఎత్తుతుంటే, మనుషులూ సామానూ నిండిన ఒళ్లు మధ్యలో కిందికి లాగుతూ ఉంటుంది. రెక్క ఒంటికి అతికే చోట ఆ రెండింటి పెనుగులాట అంతా పడుతుంది. ఇంధనం కూడా మధ్యలోనే పెడితే ఆ అతుకు మీద భారం ఇంకా పెరుగుతుంది. అదే బరువును రెక్కలో ఉంచితే, ఎత్తే చోటే మోతా ఉంటుంది కాబట్టి అతుకు తెరిపిన పడుతుంది.

మా ఉప్పాడ వైపు గాలివాన వస్తుందంటే తాటాకు కప్పు ఎగిరిపోకుండా పైన రాళ్లూ ఇసుక బస్తాలూ పెడతారు. రెక్కలోని ఇంధనం చేసే పని అది.

కావడికుండలు
ఒప్పుకున్నాను, అయితే పూర్తిగా కాదు. విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడు నింపిన రెక్కల కొసలు కిందికి వాలుతాయి కదా? అప్పుడు అది అచ్చంగా కావడే.

తుఫానుగాలి
నేల మీద కావడి, గాలిలో తాటాకు కప్పు. దీనికి నేనూ ఒప్పుకుంటాను.

హ్యాంగర్_మనిషి
తుఫానుగాలి గారు చెప్పినదాని వల్లే మధ్య ట్యాంకును ముందు ఖాళీ చేసి, రెక్కల్లోది తరవాత వాడతారు. ఏ320లో రెక్క కొస వైపు ఉండే చిన్న ట్యాంకును మరీ చివరికి అట్టిపెడతారు. ఇదే కారణంతో ప్రతి విమానానికీ "జీరో ఫ్యూయల్ వెయిట్" అని ఒక పరిమితి ఉంటుంది. అంటే ఇంధనం లేకుండా విమానం, మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని. ఏ320లో రకాన్ని బట్టి అది సుమారు 62 టన్నులు, ఇంధనంతో కలిపి ఎగరగలిగేది సుమారు 78 టన్నులు. ఆ మిగతా 16 టన్నుల్ని సామానుగా వేసుకోవడానికి వీల్లేదు, ఇంధనంగా అయితేనే కుదురుతుంది. లోపలికి ఇంకో నాలుగు పెట్టెలు వేయండని బతిమాలే వాళ్లకు ఇది చెప్పి ఒప్పించడం కష్టం.

గోదారిగట్టు
రెక్క ఊగడం గురించి నాన్నగారి భయం మిగిలే ఉంది.

హ్యాంగర్_మనిషి
ఊగేలాగానే చేశారు. ఊగకుండా బిగదీసి ఉంటేనే ప్రమాదం. లోపలి సీలెంటు కూడా రబ్బరులాగా సాగుతుంది కాబట్టి అతుకులు విడవవు.

చికాగో_చుట్టం
2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు ఎయిర్ ఇండియా నేరుగా నడిపిన బోయింగ్ 777-200ఎల్ఆర్‌లో మా అత్తగారు వచ్చారు. దారిలో ఎక్కడా దిగకుండా అన్ని గంటలు ఎలా వచ్చిందని అప్పుడు లెక్కలు వెతికాను. ఆ రకం విమానంలో సుమారు 1,81,000 లీటర్లు పడుతుంది, అంటే దాదాపు 145 టన్నులు. గరిష్ఠ బరువు 347 టన్నుల్లో అయిదింట రెండు వంతులకు పైగా ఇంధనమే. అత్తగారు తెచ్చిన ఆవకాయ జాడీల బరువు గురించి కౌంటరులో జరిగిన వాదన గుర్తొచ్చి నవ్వు వచ్చింది.

పాతపేపర్లు
రెక్కల్లో, పొట్టలో మాత్రమే అనుకోకండి, తోకలో కూడా పెడతారు. బోయింగ్ 747-400, ఎయిర్‌బస్ ఏ340, ఏ380లలో తోక దగ్గరి అడ్డ రెక్కలో ట్యాంకు ఉంది. కాంకార్డ్‌లో 13 ట్యాంకులు ఉండేవి. అది ధ్వని వేగాన్ని దాటేటప్పుడు గాలి ఎత్తే కేంద్రం వెనక్కి జరుగుతుంది కాబట్టి, పంపులతో టన్నుల కొద్దీ ఇంధనాన్ని వెనక ట్యాంకులకు పంపి తూకం సరిచేసేవారు. వేగం తగ్గేటప్పుడు మళ్లీ ముందుకు తెచ్చేవారు.

1927లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా దాటిన లిండ్‌బర్గ్ అయితే పెద్ద ట్యాంకును తన ముందే పెట్టించుకున్నాడు. కూలితే ఇంజనుకూ ట్యాంకుకూ మధ్య నలిగిపోకూడదని అలా చేయించాడు. దాంతో ఎదురుగా చూడటానికి అద్దమే లేకుండా పోయింది. పక్క కిటికీలతోనూ ఒక చిన్న పెరిస్కోపుతోనూ ముప్పై మూడున్నర గంటలు నడిపాడు.

ఎర్రబస్సు
ఎదురు కనబడకుండా బండి నడిపేవాళ్లు మా రూటులోనూ ఉన్నారు, పేపర్లో మాత్రం పడరు.

సందేహాలపుట్ట
సీలెంటు పూసిన అతుకులు ఏనాడూ కారవా?

హ్యాంగర్_మనిషి
కారతాయి. ఎంత మేర తడి కనబడితే ఏం చేయాలో పుస్తకంలో కొలతలతో సహా రాసి ఉంటుంది. చెమ్మ స్థాయిలో ఉంటే గమనిస్తూ ఎగరనిస్తాం, చుక్కలుగా పడితే స్థలాన్ని బట్టి ఆపేస్తాం. లోపలికి దిగి సరిచేయాల్సి వస్తే రెక్క అడుగున కోడిగుడ్డు ఆకారంలో ఉండే మూతలు విప్పుతాం. ఇంధనం మొత్తం తీసేసి, గంటల తరబడి గాలి ఊది, లోపల ఆవిరి ఎంతుందో మీటరుతో చూశాకే మనిషిని పంపిస్తారు. ఆ మూతలోంచి భుజాలు ఒకదాని తరవాత ఒకటి దూర్చుకుంటూ వెళ్లాలి. ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి. బయట ఒకడు మన కాళ్లు చూస్తూ, మాట్లాడుతూ, కదలకుండా నిలబడాలి. మొదలు దగ్గర వంగి కూర్చోగలం, కొస వైపు వెళ్లే కొద్దీ చెయ్యి మాత్రమే పడుతుంది. నేను మొదటిసారి దిగిన రోజు మూడుసార్లు స్నానం చేసినా కిరసనాయిలు వాసన పోలేదు. అన్నం కలుపుతుంటే మా ఆవిడ కంచం అవతలికి జరుపుకుంది.

లెక్కలమాస్టారు
ఇంధనాన్ని లీటర్లలో కొలిచి కిలోల్లో ఎందుకు చెబుతారో పిల్లలకు చెప్పడానికి నేను వాడే కథ ఒకటి ఉంది. వేడికి ఇంధనం వ్యాకోచిస్తుంది కాబట్టి లీటరు లెక్క నిలకడగా ఉండదు, బరువు నిలకడగా ఉంటుంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధనం చూపే మీటర్లు పనిచేయలేదు. ట్యాంకు అడుగు నుంచి కొలపుల్లతో కొలిస్తే 7,682 లీటర్లు ఉంది. కావలసింది 22,300 కిలోలు. లీటరుకు 0.8 కిలో అని గుణించాల్సిన చోట 1.77తో గుణించారు, అది పౌండ్ల లెక్క. ఫలితంగా 20,088 లీటర్లు పోయాల్సిన చోట 4,916 లీటర్లే పోశారు. 41,000 అడుగుల ఎత్తులో ఇంజన్లు ఒకదాని తరవాత ఒకటి ఆగిపోయాయి. పైలట్లు గాలిపటంలా తేలుస్తూ గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దించారు, ఎవరి ప్రాణమూ పోలేదు. వీశెల్లో తూచి కిలోల ధర వేసినట్టు జరిగిందని చెబితే, వీశె అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు, అక్కడ నా కథ ఆగిపోతుంది.

బేగంపేట_బుడతడు
నేను శిక్షణలో నడిపేది సెస్నా 172. దానిలో రెక్కలు నెత్తిమీద ఉంటాయి కాబట్టి ఇంధనం పంపు సాయం లేకుండానే దిగుతుంది. మీటరును నమ్మవద్దని మొదటి రోజే చెప్పారు. ప్రతిసారీ నిచ్చెన ఎక్కి, రెక్క మీది మూత తీసి, పుల్ల ముంచి చూడాలి. ఇంధనం లేత నీలంగా ఉంటుంది, పెద్ద విమానాల ఇంధనానికి ఆ రంగు ఉండదు.

ఒకసారి నేను మూత సరిగా బిగించలేదు. రెక్క పైభాగాన గాలి పీడనం తక్కువ కాబట్టి, ఎగరగానే ఆ సందులోంచి ఇంధనాన్ని గాలే పీల్చేసింది. రెక్క వెనక నుంచి పల్చటి నీలి తెరలా జారిపోతుంటే పక్కనున్న బోధకుడు ముందు చూశారు. ఒక్క మాటా అనకుండా వెనక్కి తిప్పి దించారు. మాటలన్నీ కింద అన్నారు.

ఎర్రబస్సు
రిజర్వు లేదా దానికి? మా పాత స్కూటరు ఆగితే పక్కకు వంచి, నాలుగుసార్లు కిక్కు కొడితే ఇంటిదాకా వచ్చేది.

బేగంపేట_బుడతడు
రిజర్వు మన లెక్కలోనే ఉండాలి, మీట ఉండదు. ఎడమ ట్యాంకు, కుడి ట్యాంకు, రెండూ అని ఎంచుకునే పిడి మాత్రం ఉంటుంది.

సందేహాలపుట్ట
నిండు ట్యాంకుతో ఎగరడం కంటే ఖాళీ ట్యాంకుతో ఎగరడం నయం కదా, అంటుకోవడానికి ఏమీ ఉండదు.

పాతపేపర్లు
ఇది పూర్తిగా తప్పు అభిప్రాయం. ద్రవం కంటే ఆవిరీ గాలీ కలిసిన మిశ్రమమే ప్రమాదకరం. 1996 జూలై 17న న్యూయార్క్ నుంచి బయలుదేరిన టీడబ్ల్యూఏ 800, బోయింగ్ 747, గాలిలోనే పేలిపోయి 230 మంది చనిపోయారు. పేలింది దాదాపు ఖాళీగా ఉన్న మధ్య ట్యాంకు. దాని కిందే ఉండే ఏసీ యంత్రాల వేడికి అడుగున మిగిలిన కొద్ది ఇంధనం ఆవిరైంది. ట్యాంకు బయటి తీగల్లో షార్ట్ సర్క్యూట్ జరిగి, ఆ విద్యుత్తు కొలత తీగల గుండా లోపలికి చేరి ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది. ఆ తరవాత 2008లో అమెరికా నియమం తెచ్చింది. దాని ప్రకారం ఇంజను నుంచి తీసిన గాలిలో ఆక్సిజన్ తగ్గించి, నైట్రోజన్ ఎక్కువగా ఉన్న గాలిని ట్యాంకులోకి పంపే ఏర్పాటు వచ్చింది.

తుఫానుగాలి
మా ఊరి వెల్డింగు షాపులో ఖాళీ డీజిలు డ్రమ్ముకు అతుకు వేయబోతే మూత ఎగిరి రేకుల కప్పుకు బొక్క పడింది. అదృష్టం కొద్దీ మనిషి పక్కకు నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అతను డ్రమ్ము నిండా నీళ్లు పోసిగాని టార్చి ముట్టించడు.

చికాగో_చుట్టం
అంత ఎత్తులో బయట సున్నాకు దిగువన 55 డిగ్రీలు ఉంటుంది. ఇంధనం గడ్డకట్టదా?

హ్యాంగర్_మనిషి
జెట్ ఏ-1 సున్నాకు దిగువన 47 డిగ్రీల వరకూ గడ్డకట్టదు. అంత పెద్ద మోతాదు చల్లబడటానికి గంటలు పడుతుంది. పరిమితి దగ్గరపడితే పైలట్లు కిందికి దిగుతారు, లేదా వేగం పెంచుతారు. అసలు తలనొప్పి ఇంధనంతో కాదు, అందులో కలిసిన నీటితో. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి లండన్ వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 777లో, నీరు మంచుగా మారి ఇంధన మార్గంలో అడ్డుపడటంతో, హీత్రోలో రన్‌వేకు ముందే గడ్డిలో దిగాల్సి వచ్చింది.

గాలిలో తేమ ట్యాంకు లోపలికి చేరి నీరవుతుంది. నీరు బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. అందుకే తెల్లవారుజామున ట్యాంకు అడుగు నుంచి గాజు జాడీలోకి కొద్దిగా తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తాం. గిర్రున తిప్పితే నీటి బొట్టు ఉంటే అడుగున ముత్యంలా దొర్లుతుంది. సందేహమైతే పసుపు పచ్చని పరీక్ష బిళ్లతో చూస్తాం, నీరుంటే ఆకుపచ్చగా మారుతుంది. నీటిని వదిలేస్తే అందులో బూజు పెరిగి, తుప్పూ తెస్తుంది, కొలత పరికరాలనూ పాడుచేస్తుంది.

ర్యాంపు_రాత్రిషిఫ్టు
ఆ చలి ఇంధనం వల్ల ఇంకో వింత చూస్తుంటాం. దూరం నుంచి వచ్చిన విమానం వానాకాలం ఉక్కలో ఆగితే, రెక్క అడుగున ట్యాంకు ఎంతవరకు ఉందో అంతవరకే చెమట పడుతుంది, ఒక్కోసారి పల్చగా మంచు కూడా కడుతుంది. ఐసు నీళ్ల చెంబు బయట పట్టినట్టే. ఇంధనం ఎంత మిగిలిందో గీత గీసినట్టు తెలుస్తుంది. చుక్కలు పడుతుంటే ఇంధనం కారుతోందని కొత్త కుర్రాళ్లు పరుగెత్తుకొస్తారు, వేలితో అద్ది వాసన చూడమంటాం.

సందేహాలపుట్ట
అత్యవసరంగా దిగాల్సి వస్తే ఇంధనం గాలిలో పారబోస్తారని విన్నాను. మా పొలం మీద పోస్తే ఎవరిని అడగాలి?

బేగంపేట_బుడతడు
ఏ320, బోయింగ్ 737లకు ఆ సదుపాయమే లేదు. చుట్టూ తిరిగి ఖర్చు చేయాలి, లేదా బరువుతోనే దిగి తరవాత తనిఖీ చేయించాలి. 777, 747, ఏ380 లాంటివి రెక్కల వెనక గొట్టాల నుంచి వదలగలవు. తగినంత ఎత్తులో వదిలితే చాలామటుకు నేల చేరకముందే ఆవిరైపోతుంది. 2020 జనవరి 14న లాస్ ఏంజెలెస్‌లో డెల్టా 777 తక్కువ ఎత్తులో వదలడంతో బడి పిల్లల మీద పడింది.

గోదారిగట్టు
ఇదంతా నాన్నగారికి రెండు సాయంత్రాలు చదివి వినిపించాను. తాటాకు కప్పు దగ్గర "అలా చెప్పు మరి" అని సర్దుకుని కూర్చున్నారు. వెల్డింగు డ్రమ్ము దగ్గర మాత్రం, ఆ రోజు పొట్ట ట్యాంకు ఖాళీ అన్నది ఎవరని అడిగారు. నైట్రోజన్ సంగతి రెండోసారి చదివాను. ఇప్పుడు ఆయన రాజమండ్రికి తిరిగి వెళ్లాలి, టికెట్టు ఏటీఆర్ విమానంలో దొరికింది. బొమ్మ చూపిస్తే అందులో రెక్క నెత్తి మీదుగా ఉంది. "అయితే ఈసారి నూనె నా నెత్తిమీదా?" అంటున్నారు.

హ్యాంగర్_మనిషి
ఏటీఆర్ 72లో పొట్ట ట్యాంకు లేదు. చెరో రెక్కలో ఒక్కొక్కటి చొప్పున రెండే ట్యాంకులు, మొత్తం 5,000 కిలోలు. రాజమండ్రికి అందులో కొంచెమే కావాలి. ఆయనకు ముందు వరసలో కిటికీ ఇప్పించండి, రెక్క అడ్డు లేకుండా గోదావరి బాగా కనబడుతుంది.

గోదారిగట్టు
ముందు వరస వద్దన్నారు. రెక్క కిందే కావాలట, చెమట పడుతుందో లేదో చూడాలట.